వేరుశనగలో మొవ్వు తెగులును, కాండపు తెగులును వేఱుగా గుఱుతించుట

వేరుశనగ విత్తిన మూడవ వారము మొదలు ఆఱవ వారము వఱకు గల దినములలో కర్షకుడు చేనికి బోవుట కలుపు తీయించుటకో, గుంటక తోలించుటకో కాని, యొక చెట్టు ప్రక్కను కూర్చుండి దాని చిగురును విప్పి చూచుటకు గాదు. పైరు పచ్చగా నున్నంతవఱకు అట్లు చూడవలసిన పని యున్నదని యెవరికిని తోచదు. మేమిప్పుడు వ్రాయబూనిన రెండు తెగుళ్ళును తఱుచుగా ఆ దినములలోనే చేనిలో ప్రవేశించును. రెండును వైరసు తెగుళ్ళే. రెండింటికిని తామరపురుగుతో సంబంధము గలదు. రెండింటియందును చెట్టు కొన మాడును. గట్టుమీదనుండి చూచువానికి రెండును ఒక్కటియే. అయినను ఒకదానికి పనికివచ్చు ఉపాయము రెండవదానికి చాల వఱకు పనికిరాదు. కావున నివారణకంటె ముందు గుఱుతించుటను గుఱించియే యిందు ఎక్కువగా వ్రాయుచున్నాము.

ఇట్లు వ్రాయుటకు మా తప్పొకటి కారణము. కొన్ని యేండ్ల క్రిందట వానకారున మా సంఘ సభ్యుడొకడు పది పండ్రెండు వేరుశనగ మొక్కలను తుండుగుడ్డలో మూట గట్టుకొని గిడ్డంగికి వచ్చెను. "అయ్యా, మొవ్వుకుళ్ళు పడినది, మందు అప్పుమీద ఇప్పింపుడు" అని యడిగెను. మూటలోని మొక్కలు అప్పటికే వాడి నల్లబడియుండెను. కొనలు మాడినమాట నిజము. మేమును మఱి విచారింపక, మొవ్వుకుళ్ళే యని తలయూపి, గిడ్డంగిలో నున్న బూజు మందును అతని ఖాతాలో వ్రాసి యిచ్చితిమి. అతడు రెండు మాఱులు చల్లెను. మూడవ మాఱు మందుకొఱకు వచ్చినప్పుడు గాని చేనిని చూడవలెనను బుద్ధి మాకు పుట్టలేదు. పోయి చూడగా ఉత్తరపు గట్టు ప్రక్కనున్న సాళ్ళలో చెట్లు మొదలంట ఎండి యుండెను. నడిచేని చెట్లు పెక్కు పచ్చగనే యుండెను. ఆ గట్టు పొడవునను నడుమెత్తు వయ్యారిభామ తెల్లగా పూచి యుండెను. అది మొవ్వు తెగులు కాదు. మొవ్వు తెగులే యైనను బూజు మందునకు లొంగునది కానే కాదు. అతని ఖాతాలో ఆ మందు వెలయు, దానిపై వడ్డియు నిలిచినవి. చేను మాత్రము నిలువలేదు.

ఈ పొరపాటునకు పేర్లును కొంత కారణమని మా తలంపు. మొవ్వుకుళ్ళు, కాండపుకుళ్ళు, మొదలుకుళ్ళు అని మన కర్షకులును, మందుల అంగళ్ళవారును, ఒక్కొక్కప్పుడు కరపత్రములు వ్రాయువారును వాడుదురు. కుళ్ళు అనగానే తడియు, బూజును మనసునకు వచ్చును. బూజునకు మందు గలదు గనుక చేయి మందు డబ్బామీదికి పోవును. మొదలుకుళ్ళునందు నిజముగనే బూజు గలదు. తక్కిన రెండింట ఏదియు కుళ్ళదు. మాడును, ఎండును, అంతే. అందుచేత ఈ వ్యాసములో మొదటిదానిని మొవ్వుమాడు తెగులనియు, రెండవదానిని కాండముమాడు తెగులనియు వ్రాయుచున్నాము. అంగడిలో కుళ్ళు అని వినబడినప్పుడు పాఠకులు దీనినే తలచుకొందురు గాక.

తామరపురుగును ఎఱుగని కర్షకుడుండడు కాని, దానిని తీరికగా చూచినవారు తక్కువ. పొడవు ఇంచుమించు ఒక్క మిల్లీమీటరు. ముడుచుకొని యున్న లేత చిగురును తుంచి తెల్లకాగితముమీద తట్టినచో పసుపుపచ్చనివియు, గోధుమవన్నెవియు నగు సన్నని గీతలు రాలి, కొంత సేపటికి ప్రాకసాగును. అవియే తామరపురుగులు. తల్లిపురుగు ఆకు కండలో గ్రుడ్డు పెట్టును. పిల్లపురుగులు విప్పారని చిగురులోను పూవులోను దాగి, ఆకుపొరను గీకి రసము పీల్చును. పిదప నేలలోనికి దిగి, రెక్కలతో పైకి వచ్చును. ఎగురుటకు వానికి బలము చాలదు, గాలియే వానికి వాహనము. ఒక్క విషయము మఱువరాదు. తామరపురుగు ఒక్క జాతి కాదు. వేరుశనగ చేనిలోనే నాలుగైదు జాతులు కానవచ్చును. వీనిలో ఏ జాతి యే తెగులును ఏ విధముగా చేర్చునను దానిలోనే ఈ రెండు తెగుళ్ళ భేదమంతయు నిమిడి యున్నది.

మొవ్వుమాడు తెగులు

ఈ తెగులును చేర్చునది శాస్త్రజ్ఞులు థ్రిప్స్ పామి యని పిలుచు జాతి. దీనియందలి విచిత్రమేమన, తెగులున్న మొక్కపై పిల్లపురుగుగా మేసినప్పుడే వైరసు దాని యొడలిలో చేరి, అచ్చటనే వృద్ధి పొందును. రెక్కలు వచ్చిన పిమ్మట ఆ పురుగు బ్రతికినంతకాలము మొక్కనుండి మొక్కకు తెగులు నంటించుచునే యుండును. రెక్కలు వచ్చిన తరువాత మొదటిసారిగా తెగులు మొక్కపై వ్రాలిన పురుగు ఎంత మేసినను తెగులును మోయజాలదు. దీనినిబట్టి, మన చేనిలో కనబడు తెగులు చాలవఱకు మన చేనిలోనే ఒక చెట్టునుండి మఱియొక చెట్టునకు ప్రాకినది కాదనియు, వెలుపలినుండి గాలితో వచ్చిన రెక్కల పురుగు వెంట తెచ్చినదనియు తెలియుచున్నది. పెసర, మినుము, అలసంద, టమాటా మొదలగు పైరులును, పెక్కు కలుపు మొక్కలును ఈ వైరసునకు ఇండ్లు. దక్కనులో వానకారున తఱుచుగా ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ఈ పురుగులు గుంపులుగా వలస వచ్చును.

ఈ తెగులును గుర్తించుటలో పొరబడినది కర్షకులును మేమును మాత్రమే కాదు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధనాలయమువారు 1979లో దీనికి కారణము అన్యదేశములలో టమాటాకు వచ్చు మచ్చవాడు వైరసని ప్రకటించిరి. తరువాత పదునాలుగేండ్లు గడవక మునుపే, 1992లో, ఇది దానికి జ్ఞాతియే కాని అది కాదనియు, ప్రత్యేకమైన వైరసనియు తేలినది. దీనిని మోయు పురుగు పేరును మొదట వేఱుగనే వ్రాసి తరువాత దిద్దుకొనిరి. అంతటి పరికరములు గలవారే మఱల మఱల చూచి దిద్దుకొనుచుండగా, మూటలో వాడిన మొక్కను చూచి పేరు చెప్పుట మా సాహసము.

చిహ్నములు ఇట్లుండును. మొట్టమొదట లేత ఆకులమీద లేబచ్చని చిన్న చుక్కలు బయలుదేరును. వెలుగునకు ఎదురుగా పట్టి చూచినగాని ఇవి సరిగా తెలియవు. కొలదిదినములలో ఆ చుక్కలు కొన్ని ఉంగరములవలె వలయములగును. వలయము లోపలి భాగము పచ్చగను, అంచు పసుపుగను, లేక మాడియు నుండును. ఈ యుంగరపు మచ్చ ముఖ్యమైన గుఱుతు. పిదప ఆకుకాడ వ్రేలాడి, కొననున్న మొవ్వు మాడిపోవును. ఎండలు ముదిరిన దినములలో మొవ్వు మాడుట ఎక్కువ. చల్లని కాలమున కొన్ని చెట్లలో మొవ్వు మాడకయే తెగులు నడచును. అట్టిచో ఉంగరపు మచ్చలే దిక్కు.

మొవ్వు మాడిన చెట్టు వెంటనే చావదు. ఇదియే దీనికిని, రాబోవు రెండవదానికిని గల పెద్ద భేదము. కొన పోయినందున ప్రక్క కణుపులనుండి కొమ్మలు గుంపుగా పుట్టును. కణుపుల మధ్య దూరము తగ్గిపోయి, ఆకులు చిన్నవై, ముడుతలు పడి, పసుపును ఆకుపచ్చయు కలిసిన చారలతో చెట్టు గుజ్జుగా చీపురుకట్టవలె నగును. నెలలోపుగా తెగులు సోకిన చెట్టు ఇట్లే కుఱుచగా నుండి కాయ పట్టదు, కొన్ని చచ్చును. ఆలస్యముగా సోకిన చెట్టు కాయలు కాచును కాని, గింజలు కొన్ని ముడుతలు పడి చిన్నవగును, గింజపై పొర ఎఱుపు, గోధుమ, ఊదా వన్నెల మచ్చలతో నుండును. గింజ నిండుగనే యున్నను పొర పగిలియో మచ్చబడియో యుండుట గలదు. సంతలో ధర కోయబడునది ఇచ్చటనే. ఈ తెగులు విత్తనము వెంట మఱుసటి పైరునకు రాదని పరీక్షలు తేల్చినవి గనుక, మచ్చల గింజలను చూచి విత్తనమునకు భయపడనక్కఱలేదు. గింజ చిన్నదైనచో మొలక బలము తక్కువగును, ఆ కారణముచేత ఏఱివేయుట మంచిదే.

ఇచ్చట ఒక మాట. విదేశీయ గ్రంథములు చదివినవారు గుజ్జుగా నున్న యీ చెట్టును చూచి ఆఫ్రికాలోని రోసెట్ తెగులను భ్రమ పడుదురు. అది పేనుబంక పురుగువలన వచ్చునది. 1975లో నైజీరియా ఉత్తర భాగమున ఏడు లక్షల హెక్టారుల వేరుశనగను అది నాశనము చేసెను. అది ఆఫ్రికా ఖండపు తెగులు. మన చేలలో దానిని వెదకుట వృథా.

కాండముమాడు తెగులు

2000 సంవత్సరపు వానకారును అనంతపురపు కర్షకులు మఱువలేరు. నాటి అనంతపురము జిల్లాలో ఆ యేడు సుమారు 2,25,000 హెక్టారుల వేరుశనగ ఈ తెగులు పాలయ్యెను. నష్టము మూడు వందల కోట్ల రూపాయలకు పైబడినదని లెక్క కట్టిరి. ఆ మెట్ట నేలలలో వేరుశనగ తప్ప వేఱు ఆదాయము లేని కుటుంబములు ఎన్ని యున్నవో తెలిసినవారికి ఆ యంకె చదువుట కష్టము. మొదట అందఱును, చిరకాలముగా నెఱిగిన మొవ్వుమాడు తెగులే ముదిరినదని యనుకొనిరి. కాని ఆ తెగులున్న చోట చెట్టు గుజ్జుగా నిలుచును. ఇక్కడ చెట్లు నిలువునా ఎండిపోవుచుండెను. ఈ యొక్క భేదము అనుమానమునకు చాలును. పరీక్షించి చూడగా, ఇది పొగాకు చార వైరసు అను వేఱొక వైరసని తేలినది. అంతకు మూడేండ్ల ముందు, 1997లో, అనంతపురపు సరిహద్దునకు ఆవల కర్ణాటకమునందలి బాగేపల్లి యొద్ద ప్రొద్దుతిరుగుడు పైరును చంపిన తెగులును ఇదియే.

ఈ వైరసు తామరపురుగు కడుపులో కాపురముండదు. ఇది పుప్పొడిలో నుండును. వయ్యారిభామకు ఈ వైరసు సోకినను ఆ మొక్కపై చిహ్నమేదియు కానరాదు. పచ్చగా నవనవలాడుచునే యుండును. దాని పుప్పొడి మాత్రము వైరసుతో నిండి యుండును. పూలలో మెలగు తామరపురుగుల యొడలికి ఆ పొడి యంటును. గాలికిని లేచి ప్రక్క చేని లేతాకులమీద పడును. పడినంతమాత్రమున తెగులు రాదు. తామరపురుగు ఆ యాకును గీకినప్పుడు కలుగు గాయము ద్వారా వైరసు లోనికి చొచ్చును. కావున ఇందులో పురుగు మోయువాడే కాక తలుపు తెఱచువాడు కూడ. ఇందుకు ఫలానా జాతియే కావలెనను నియమము లేదు. పూలలో నుండు రెండు మూడు జాతులు ఈ పనిని చేయును. ప్రొద్దుతిరుగుడు పుప్పొడియు ఇట్లే వైరసును మోయును. వేరుశనగ పూవు తన పుప్పొడిని తనలోనే దాచుకొనునది గనుక, తెగులు సోకిన వేరుశనగ చెట్టునుండి ప్రక్క వేరుశనగ చెట్టునకు ఈ తెగులు చెప్పుకోదగినంతగా ప్రాకదు. గట్టుమీది కలుపే మూలస్థానము.

వయ్యారిభామ ఈ దేశపు మొక్క కాదు. అమెరికా ఖండమునుండి వచ్చి, 1950 తరువాతి సంవత్సరములలో పూనా ప్రాంతమున గుర్తింపబడి, పిదప రైలు కట్టలును రోడ్డు ప్రక్కలును పట్టుకొని దేశమంతట వ్యాపించెను. దానికి మనవారు పెట్టిన పేరు మాత్రము దాని గుణమునకు మించిన అందము గలది. మొలచిన నాలుగైదు వారములకే పూయ నారంభించి, తేమ యున్నంతకాలము పూచుచునే యుండును. ఒక్క మొక్క వేలకొలది గింజలను రాల్చును. అనగా, వేరుశనగ లేతగా నున్న దినములన్నిటను గట్టుమీద పుప్పొడి సిద్ధముగా నుండునన్నమాట.

చిహ్నములకు వత్తము. ఇందును లేత ఆకులే మొదట చెడును. కాని చుక్కలు లేబచ్చగా మొదలై ఉంగరములగుట ఉండదు. ఆకుమీద మాడిన మచ్చలు త్వరగా ఏర్పడి, ఈనెలు నల్లబడును. ఆ మాడుట ఆకుకాడను దిగి, కాండమును పట్టి, క్రిందికి ప్రాకును. కాండముపై గోధుమవన్నె పొడుగు చారలు కనబడును. లేత చెట్టు కొద్దిదినములలో నిలువునా ఎండిపోవును. ప్రక్క కొమ్మలు గుంపుగా పుట్టుటకు దానికి వ్యవధియే యుండదు. ముదిరిన చెట్టునకు సోకినచో ఒక కొమ్మ మాత్రము మాడి తక్కినవి బ్రతుకవచ్చును. అట్టి చెట్టును పెఱికి చూచినచో ఊడలమీదను, కాయలమీదను నల్లని మచ్చలు కానవచ్చును, కాయలు చిన్నవగును. మొవ్వుమాడు తెగులునందు కాయ పెంకుమీద ఇట్టి నల్లమచ్చలుండవు, అందు చెడునది లోపలి గింజపొర. కావున ముదురు పైరులో సందేహము వచ్చినప్పుడు ఒక చెట్టును పెఱికి వేళ్ళు కడిగి చూచుట ఉత్తమము.

చేనిలో చూడవలసిన పద్ధతి

ఉదయము ఎండ ముదురక ముందే చేనికి పోవలెను. మధ్యాహ్నమున మంచి చెట్టు కూడ కొంత వాడి యుండును గనుక చూపు మోసపోవును. గట్టునుండి కాక, చేనికి అడ్డముగా ఒక మూలనుండి ఎదుటి మూలకు నడచుచు, ఐదుచోట్ల ఆగి, ఆగినచోటనెల్ల వరుసగా ఇరువది చెట్లను చూడవలెను. అట్లు నూఱు చెట్లలో ఎన్ని చెడినవో తెలియును. అంతకంటె ముఖ్యము, ఎచ్చట చెడినవో తెలియును. చెడిన చెట్లు ఒకవైపు గట్టున, అందును గాలి వచ్చు దిక్కున, గుంపుగా నుండి లోనికి పోయినకొలది తగ్గినచో గట్టుమీది కలుపును అనుమానింపవలెను. ఇచ్చటొకటి అచ్చటొకటిగా చేనంతట చెదరియుండి, పలుచగా మొలచిన చోట్ల ఎక్కువగా నున్నచో మొవ్వుమాడు తెగులు తలపునకు రావలెను. ఇది ఒంటరిగా సాక్ష్యము కాదు; చెట్టు చెప్పినదానికి తోడుసాక్ష్యము.

తరువాత చెట్టు ముందు కూర్చుండి, చావు ఎచ్చట మొదలై ఎటు పోవుచున్నదో చూడవలెను. మా యనుభవములో దీనిని మించిన గుఱుతు లేదు. పైనుండి క్రిందికి మాడుచు దిగునది కాండముమాడు తెగులు. పైననే ఆగి, ప్రక్కలకు గుబురుగా చిగుర్చునది మొవ్వుమాడు తెగులు. నేల యొద్ద మొదలై పైకి పోవునది ఈ రెండును గాదు; అది బూజు తెగులు. మొదలు యొద్ద మట్టిని తొలగించి చూచినచో తెల్లని దారములును, ఆవగింజలవంటి గుండ్లును కనబడినచో ఒక విధమైన మొదలుకుళ్ళు. నల్లని పొడి చేతికంటుకొని, లాగగనే చెట్టు తెగి వచ్చినచో మఱియొక విధము. వానికి విత్తనశుద్ధి మొదలగు మార్గములు వేఱుగా గలవు.

తెగులు కానిదానిని తెగులనుకొనుటయు గలదు. సున్నపు పాలు ఎక్కువగా గల నేలలో ఇనుము అందక, లేత ఆకులు పసుపై, తెల్లనై, ఈనెలు మాత్రము పచ్చగా నుండును. మచ్చలుండవు, మాడుట చివరకు గాని రాదు, నేల మాఱిన చోట పైరు మాఱును. పచ్చదోమ కుట్టిన ఆకు కొననుండి గాలిపటపు మొనవలె పసుపు రంగు లోనికి దిగును. తామరపురుగే వైరసు లేకుండ మేసినప్పుడు ఆకు అడుగున వెండివన్నె గీతలును, ముడుతలును కలుగును. కాని రెండు మంచి వానలు పడగానే క్రొత్త చిగురు చక్కగా వచ్చును. వైరసు సోకిన చెట్టు అట్లు తేఱుకొనదు. సందేహమున్నచో నాలుగైదు చెట్లకు గుడ్డపీలిక కట్టి, వారము తరువాత వానినే చూచుట మంచిది. మందు కొనుటకు తొందరపడువారు ఈ వారము ఓపిక పట్టినయెడల చాల డబ్బు మిగులును.

కంటిచూపు ఎంతవఱకైనను అనుమానమే. నిశ్చయము పరీక్షాలయములో గాని కలుగదు. అచ్చట ఎలైజా అను పద్ధతిచేత, ఆకురసమును ఆయా వైరసునకు ప్రత్యేకముగా తయారుచేసిన ద్రవముతో కలిపి, రంగు మాఱుటనుబట్టి ఏ వైరసు గలదో తేల్చుదురు. ఆకురసమును అలసంద మొక్కల లేతాకులపై రుద్ది, మచ్చలు వచ్చు విధమును చూచుట మఱియొక పద్ధతి. ఏ పద్ధతికైనను పనికివచ్చునది ఇప్పుడిప్పుడే చిహ్నములు కనబడుచున్న లేత చిగురు గాని, ఎండి నల్లబడిన కాండము గాదు. చచ్చిన కణములో వైరసు దొరకుట కష్టము. మా సభ్యుడు తుండుగుడ్డలో తెచ్చిన మూట ఎంత గొప్ప పరీక్షాలయమునకు పంపినను ఫలమిచ్చియుండదు.

గుఱుతించిన పిదప

సోకిన చెట్టును బాగుచేయు మందు రెండింటికిని లేదు. బూజు మందు లేదు, బలము మందు లేదు, పాలలో కలిపి చల్లునది లేదు. ఇది స్పష్టముగా చెప్పుట మా విధి. ఏలయన ప్రతి సంవత్సరము ఎవరో ఒకరు అట్టిది తెచ్చి అమ్ముచునే యున్నారు.

మొవ్వుమాడు తెగులునకు మేలైనది పైరును ఒత్తుగా నిలుపుట. గాలితో వచ్చు పురుగుల సంఖ్య చెట్లనుబట్టి యుండదు, నేలనుబట్టి యుండును. కావున ఒత్తుగా నున్న చేనిలో నూటికి సోకు చెట్లు తక్కువగును. సిఫారసు చేసిన విత్తన మోతాదులో ఆదా చేయుట ఇందుచేతనే నష్టము. అదే కారణమున తెగులు చెట్లను పెఱికివేయరాదు. పెఱికినచో ఖాళీ యేర్పడును. తెగులు చేనిలోలోపల ప్రాకుట తక్కువ గనుక పెఱికినందున లాభము లేదు. ఈ మాట కర్షకునకు రుచింపదని ఎఱుగుదుము. చెడినదానిని తీసివేయుట మన స్వభావము. వానలు పడగనే ఆలస్యము చేయక విత్తినచో పురుగు వలస వచ్చునాటికి చెట్టు ముదిరి యుండును. సజ్జను అంతరపంటగా వేయుటయు, పెసర, మినుము చేలకు దూరముగా విత్తుటయు ఉపకరించును. విత్తనపు రకమును బట్టియు భేదము గలదు, టి.ఎం.వి. 2 రకమునకు ఈ తెగులు సులభముగా సోకును, కదిరి 3 రకమునకు అంతకంటె తక్కువగా సోకును.

కాండముమాడు తెగులునకు ఒత్తుగా విత్తుటయొక్కటే చాలదు. గట్టు శుభ్రముగా నుండవలెను. వయ్యారిభామను పూత రాకముందే, వానలకు నేల మెత్తగా నున్నప్పుడు వేళ్ళతో పెఱికివేయవలెను. పూచిన తరువాత పెఱుకుట ఆలస్యమే కాక, కదలించినప్పుడెల్ల పుప్పొడి లేచును. ఈ మొక్క చర్మమునకు దురదను, కొందఱికి ఉబ్బసమును కలిగించును గనుక చేతులకు తొడుగులు లేక కూలీలను ఈ పనిలో దింపరాదు. తొడుగులు లేనిచో గోనెసంచి పీలికలైన చుట్టుకొనవలెను. వేరుశనగకు ప్రక్కనే ప్రొద్దుతిరుగుడు వేయరాదు. చేను చుట్టును నాలుగు వరుసల జొన్నగాని సజ్జగాని ఒత్తుగా విత్తినచో గాలితో వచ్చు పురుగును, పుప్పొడియు చాలవఱకు అక్కడనే ఆగును. ఇది రెండు తెగుళ్ళకును ఉపయోగమే. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందుతో విత్తనమును పట్టించుట మొదటి వారములలో తామరపురుగును తగ్గించును. మోతాదు డబ్బాపై వ్రాసినదానిని మించరాదు. పైరుపై మఱల మఱల పురుగుమందు చల్లుటవలన గాలితో వచ్చుచునే యుండు పురుగును ఆపలేము.

అయితే ఒక చేను గట్టు శుభ్రపఱచి, ప్రక్క బీడును, బండిదారిని, చెఱువుకట్టను విడిచినయెడల పుప్పొడి రాక మానదు. మా సభ్యుని చేనికి ఉత్తరపు గట్టు అతనిది కూడ కాదు. దాని యజమాని ఊరిలో లేడు. అందుచేత ఆ మఱుసటి యేటినుండి మా సంఘము తొలివానలు పడిన మూడవ వారమున రెండు దినములు నియమించి, చేల గట్లును దారులును కలిపి పెఱికించుచున్నది. కూలి వ్యయమును సభ్యుల ఎకరములనుబట్టి పంచుచున్నాము. మొదటి యేడు దీనికి ఒప్పుకొనని వారు పెక్కుమంది. ప్రొద్దుతిరుగుడు వేయు ఇద్దఱు సభ్యులతో దూరమును గుఱించి తగవు ఇంకను తీరలేదు. ఆ విషయము రాబోవు సర్వసభ్య సమావేశములో పెట్టుచున్నాము.

తెగులు అనుమానము గల సభ్యులు ఇకమీదట వాడిన మొక్కలను తేవలదు. చిహ్నములు క్రొత్తగా కనబడిన మూడు నాలుగు చెట్లను వేళ్ళతోను, కొంచెము మట్టితోను పెఱికి, తడిపిన కాగితములో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఎండ తగులనీయక, ఉదయము పది గంటలలోపుగా కార్యాలయమునకు తేవలెను. చెట్లతోబాటు విత్తిన తేదీ, విత్తనపు రకము, చెడిన చెట్లు నూటికెన్ని, అవి చేనిలో ఏ వైపున నున్నవి, గట్టుమీద ఏమి పూచియున్నది అనునవి వ్రాసియో చెప్పియో ఇచ్చినచో, పరీక్షకు పంపు ఏర్పాటు మేము చేయుదుము. ఫలితము వచ్చువఱకు ఏ మందును అప్పుమీద ఇయ్యబడదు.